పన్నెండు గంటల సైరన్ ఎవరిది?

ఈ మధ్య మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలబొమ్మల నడుమ ఒక అసలైన గొడవ జరిగింది. మాది నెల్లూరు జిల్లాలో ఒక పాత మున్సిపాలిటీ. పేరు చెబితే మా చుట్టాలంతా దొరికిపోతారు కాబట్టి చెప్పను. సెంటర్లో ఆఫీసు మిద్దె మీద ఒక సైరన్ ఉండేది, మధ్యాహ్నం పన్నెండుకు కూసేది. కూత విని అన్నం వార్చినవాళ్ళు, కొట్టు తలుపు దగ్గరికి వేసి భోజనానికి బయల్దేరినవాళ్ళు, గోడ గడియారం ముల్లు సరిచేసుకున్నవాళ్ళు మా గ్రూపులోనే ఓ డజను మంది ఉన్నారు. దాన్ని ఎవరు పెట్టించారు, ఎందుకు పెట్టించారు అన్నదే గొడవ.

మా అత్త, "దొరలు పెట్టింది గదా, వాళ్ళకు టైమంటే పిచ్చి" అంది. పెదనాయన ఒప్పుకోలేదు, మిల్లులోళ్ళ కూత చూసి మున్సిపాలిటీ నేర్చుకుందని ఆయన వాదన. చిన్నాయన మాత్రం, "మీకెవురికీ తెలీదు, అది యుద్ధంలో వచ్చింది, జపానోడి విమానాల కోసం" అని తేల్చేశాడు. తర్వాత ఎవరో పెళ్ళి ఫొటోలు పెట్టారు, మాట మారిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి విషయాల మీద నిద్ర చెడగొట్టుకోవడం నాకు అలవాటే.

తర్వాత చదివినదీ, అడిగి తెలుసుకున్నదీ కలిపి చూస్తే నాకు తేలిందేమిటంటే, ముగ్గురి మాటలోనూ తలా కొంచెం నిజం ఉంది. కానీ ముగ్గురూ వదిలేసిన సంగతి ఒకటుంది, నా దృష్టిలో అదే అసలుది. టైము చెప్పడానికని ఎవరూ సైరన్ చేయలేదు. వేరే పనికి తెచ్చారు. అవసరం వచ్చిన రోజున పలుకుతుందో లేదో చూసుకోవడానికి ఒక వేళ పెట్టుకుని మోగించారు. జనం ఆ వేళని పట్టుకున్నారు.

ముందు అత్త మాట. దొరలకు ముందు మనకు టైము లేదని కాదు. నీళ్ళ మీద వదిలితే చిన్న చిల్లులోంచి నీరెక్కి ఒక గడియలో, అంటే ఇరవై నాలుగు నిమిషాల్లో మునిగిపోయే రాగి గిన్నె మనకుంది. మునిగినప్పుడల్లా గంట కొట్టేవాళ్ళు. తర్వాతి కాలంలో ట్రెజరీ దగ్గర కాపలా ఉండే పోలీసు గంటగంటకూ కొట్టే గంట చాలా తాలూకా ఊళ్ళకు గడియారం. బడిలో అయితే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అవన్నీ వీధి దాకా వినిపిస్తాయి, ఊరంతా వినిపించవు.

దొరలు చేసింది వేరే పని. మద్రాసు నుంగంబాక్కంలో 1792లో ఈస్టిండియా కంపెనీ అబ్జర్వేటరీ కట్టింది. దూరదర్శినిని నిలబెట్టడానికి అక్కడ ఒక పెద్ద గ్రానైటు స్తంభం పాతారు, దాని మీద చెక్కిన భాషల్లో మన తెలుగు కూడా ఉంది. నక్షత్రాలను చూసి అక్కడ గడియారం సరిదిద్దేవాళ్ళు, దాన్ని బట్టి కోటలో ఫిరంగి పేల్చేవాళ్ళు. టెలిగ్రాఫ్ వచ్చాక ఆ టైమే తీగ మీద దేశమంతా పోయేది. లండన్ దగ్గరి గ్రీన్విచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందుండే ఆ టైమును మద్రాసు టైమనేవాళ్ళు. బొంబాయి టైము గ్రీన్విచ్‌కు 4 గంటల 51 నిమిషాలు, కలకత్తాది 5 గంటల 53 నిమిషాలు ముందు. మద్రాసు దాదాపు సరిగ్గా నడిమధ్యన ఉంది, పైగా అబ్జర్వేటరీ ఉంది, అందుకని రైళ్ళన్నీ మద్రాసు టైముకే నడిచాయి.

ఇక్కడ నెల్లూరు వాళ్ళం కాస్త గర్వపడొచ్చు. మనం మద్రాసుకు నేరుగా ఉత్తరాన ఉన్నాం, 175 కిలోమీటర్లు పైకి వచ్చినా తూర్పు పడమరల్లో పెద్దగా జరగలేదు. నెల్లూరు సూర్యుడికీ మద్రాసు సూర్యుడికీ తేడా ఒక నిమిషమే. అంటే ఎక్కడో లాహోరులో రైలు కదిలేది కూడా ఇంచుమించు మన పెన్నా ఒడ్డు టైముకే! నెల్లూరు మీదుగా మద్రాసు-బెజవాడ రైలు మాత్రం 1899కి గానీ రాలేదు. అంతకుముందు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో పోయేవాళ్ళు. పడవకు నిమిషాలతో పని లేదు, గాలి వీస్తే పోతుంది, లేకపోతే తాడు కట్టి గట్టు మీద నుంచి లాగుతారు. రైలు అట్లా కాదు. అది వెళ్ళిపోతుంది.

1906 జనవరి 1 నుంచి ఇప్పుడు మనం వాడే ఇండియన్ స్టాండర్డ్ టైమ్ వచ్చింది, 5 గంటల 30 నిమిషాలది. రైళ్ళు అంతకు ఆరు నెలల ముందే దానికి మారాయి. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా మా టైము మాదేనని మొండికేశాయి. మద్రాసు గొడవ చేయలేదు, తొమ్మిది నిమిషాలు ముల్లు ముందుకు తిప్పుకుని ఊరుకుంది. ఆ టైముకు ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది అలహాబాదు పక్కన మీర్జాపూర్ మీదుగా దిగి మన కాకినాడకు దగ్గరగా సముద్రంలోకి పోతుంది. నెల్లూరు ఉన్నది 80 డిగ్రీల మీద. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు, కాబట్టి మనకు పది నిమిషాలు తేడా.

సైరన్ పన్నెండుకు కూసినప్పుడు నెల్లూరులో నిజమైన మిట్టమధ్యాహ్నం కాదన్నమాట. సగటున అది 12:10కి అవుతుంది. అది కూడా ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు, నవంబరు మొదట్లో 11:54కే సూర్యుడు నడినెత్తి దాటేస్తాడు, ఫిబ్రవరి రెండో వారంలో 12:24 దాకా రాడు. ఒంగోలు కూడా ఇంతే, అదీ 80 డిగ్రీల మీదే ఉంది. విశాఖ వాళ్ళకు మనకంటే పదమూడు నిమిషాలు ముందే మధ్యాహ్నం అయిపోతుంది. పెరట్లో ఒక కర్ర నిటారుగా పాతి నీడ ఎప్పుడు బాగా కురచవుతుందో చూడండి, నేను చూశాను, భలే సరదాగా ఉంటుంది, పక్కింటివాళ్ళు మాత్రం అనుమానంగా చూస్తారు.

అత్త మాటలో నిజం ఇంతవరకే. ఊరికంతటికీ ఒకే టైము ఉండాలి, అది పై నుంచి రావాలి అన్న ఆలోచన దొరలది. దాన్ని చాటడానికి వాళ్ళు వాడింది ఫిరంగి. గ్రీన్విచ్‌లో 1833 నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు స్తంభం మీద నుంచి బంతి జారవిడిచేవాళ్ళు, నదిలో ఓడలవాళ్ళు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. ఆ కథలో సైరన్ ఎక్కడా లేదు.

పెదనాయన మాటకొస్తే, ఆయన చిన్నప్పుడు విన్నది సైరన్ కాదు, ఆవిరి కూత. నెల్లూరు జిల్లాలో రైస్ మిల్లులకు కొదవ లేదు. వడ్లు ఉడకబెట్టే మిల్లులో బాయిలరు ఉంటుంది, బాయిలరు ఉంటే ఆవిరి ఉంటుంది, ఆవిరి ఉన్నచోట కూతకు వేరే ఖర్చేముంది, ఒక గొట్టం, ఒక గొలుసు. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు కంపెనీల్లోనూ ఇదే తీరు. పనిలోకి రమ్మని ఒకటి, భోజనానికి వదులుతూ ఒకటి, మళ్ళీ రమ్మని ఒకటి, చివర ఇంటికి పొమ్మని ఒకటి. ఫ్యాక్టరీల చట్టంలో పనిగంటలు తగ్గుతూ వచ్చాయి, 1922లో వారానికి 60, 1934లో 54, 1948లో 48. గంటలకు లెక్క వచ్చాక ఆ లెక్క ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అన్నది కార్మికుడికీ కావాలి, ఓనరుకీ కావాలి. కూలోళ్ళ ఇళ్ళల్లో గడియారం ఎక్కడిది? కూతే గడియారం. పొగాకు గ్రేడింగుకు పోయే ఆడవాళ్ళు మొదటి కూతకే కూడు మూటగట్టుకుని రోడ్డెక్కేవాళ్ళని మా అవ్వ చెప్పేది. ఆలస్యమైతే గేటు వేసేస్తారు.

మధ్యాహ్నం కూత వినగానే పని ఆపడం, తినడం అన్న అలవాటు ఊరికి నేర్పింది ఈ మిల్లులే, అందులో పెదనాయనతో నాకు పేచీ లేదు. కాకపోతే మిల్లు కూత మిల్లువాళ్ళది. సీజన్ అయిపోతే ఆగిపోతుంది. మున్సిపాలిటీ మిద్దె మీద ఉన్నది ఆవిరిది కాదు, కరెంటు మోటారుది. అది ఎక్కడి నుంచి వచ్చిందంటే చిన్నాయన దగ్గరికే రావాలి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ర్యూజో అనే విమానవాహక నౌక మీద నుంచి వచ్చాయవి. అంతకు ముందు రోజే కొలంబో మీద వేశారు. తర్వాతి వంతు మద్రాసుదే అని జనానికి వణుకు పుట్టింది. నగరం సగానికి పైగా ఖాళీ అయింది, ప్రభుత్వ ఆఫీసుల్లో చాలావాటిని లోపలి ఊళ్ళకు మార్చారు, బాంబు పడి బోన్లు పగిలితే ఎట్లా అని జూలో పులుల్నీ సింహాల్నీ కాల్చేశారు. మద్రాసులో ఉన్న మన జిల్లా వాళ్ళు సామాను సర్దుకుని రైళ్ళు పట్టుకుని సొంతూళ్ళకు వచ్చేశారు. ఏఆర్పీ అంటే ఎయిర్ రెయిడ్ ప్రికాషన్స్, ఆ మూడక్షరాలు అప్పటి పెద్దవాళ్ళందరికీ తెలుసు. కిటికీలకు నల్లకాగితం, వీధిలో కందకాలు, మిద్దెల మీద సైరన్లు. యుద్ధం ముగిశాక కందకాలు పూడ్చేశారు, కాగితాలు చింపేశారు. సైరన్లు ఇనుము, మోటారు, పనికొచ్చే వస్తువులు, వాటిని పారేసే అలవాటు మన ఆఫీసులకు లేదు. తర్వాత 1962, 1965, 1971 యుద్ధాలు మళ్ళీ వాటిని గుర్తు చేశాయి, 1968లో సివిల్ డిఫెన్స్ చట్టం కూడా వచ్చింది. మా ఊరి సైరన్ వీటిలో ఏ విడతలో వచ్చినా, ఏ ఫైరింజన్ కోసం వచ్చినా, దాని వంశం మాత్రం ఇదే.

సైరన్ ఎట్లా పలుకుతుందో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. పెద్ద యంత్రమేమీ కాదు. చుట్టూ చిల్లులున్న ఒక డ్రమ్ము కదలకుండా ఉంటుంది, దాని లోపల అలాంటి చిల్లులే ఉన్న ఇంకో డ్రమ్మును మోటారు తిప్పుతుంది. చిల్లుకు చిల్లు ఎదురైనప్పుడు గాలి బయటికి కొడుతుంది, పక్కకు జరగ్గానే ఆగిపోతుంది. పది చిల్లులుండి, మన 50 సైకిళ్ళ కరెంటు మీద మోటారు నిమిషానికి సుమారు 2,900 చుట్లు తిరిగితే, సెకనుకు 480 సార్లు గాలి తెగుతుంది. మనకు వినిపించే ఆ ఊళ ఇదే. 1819లో కానియార్ ద లా టూర్ అనే ఫ్రెంచాయన ఇలాంటి దాన్ని చేసింది ఊరిని లేపడానికి కాదు, ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో లెక్కపెట్టడానికి. ల్యాబులో కూర్చోవాల్సిన వస్తువు మన మిద్దెలెక్కింది.

మోటారు వేగం పుంజుకునే కొద్దీ స్వరం పైకి లేస్తుంది, స్విచ్ ఆపితే మెల్లగా దిగిపోతుంది. యుద్ధకాలపు కోడ్ అంతా ఈ గుణం మీదే పెట్టారు. స్విచ్ వేస్తూ ఆపుతూ ఉంటే పైకీ కిందికీ ఊగుతూ ఏడుస్తుంది, అది ప్రమాదం, దాక్కోండి అని. ఆపకుండా ఒకే స్వరంలో పట్టి ఉంచితే, విమానాలు పోయాయి, బయటికి రండి అని. మా ఊరి పన్నెండు గంటల కూత ఏది? ఒకే స్వరం, నిలకడగా, ఒక నిమిషం. అంటే ఇన్నేళ్ళూ మేము భోజనానికి లేచింది "ప్రమాదం తప్పింది" అన్న కూతకు! ఇది గ్రూపులో పెడితే చిన్నాయన మూడు నమస్కారాలు, ఒక బొటనవేలు పంపించాడు.

ఇంకో చిన్న లెక్క. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. సెంటర్ నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా మేనమామ ఇంటికి సైరన్ తొమ్మిది సెకన్లు ఆలస్యంగా చేరేది. ఆయన పెళ్ళిళ్ళకు గంట ఆలస్యంగా రావడానికి ఇది కారణం కాదు లెండి.

ఇక రోజూ ఎందుకు మోగించాలి అన్న ప్రశ్న. మిద్దె మీద ఎండకూ వానకూ ఉండే మోటారు, బేరింగులో గ్రీజు ఎండిపోతుంది, వైరు ఎలుకలు కొరుకుతాయి, చిల్లుల్లో పావురాలు గూడు పెడతాయి. ఆరు నెలలు ముట్టుకోకుండా వదిలేసి, ఏదో రాత్రి స్విచ్ వేస్తే మూలుగు తప్ప మరేం రాదు. కాబట్టి మోగించి చూడాలి. ఎప్పుడంటే అప్పుడు మోగిస్తే జనం హడలిపోతారు. అందుకని అందరికీ తెలిసిన ఒక వేళ పెట్టుకోవాలి. మనమే కాదు, ప్రపంచమంతా ఇదే చేసింది. ఫ్రాన్సులో నెలకోసారి మొదటి బుధవారం మధ్యాహ్నం, నెదర్లాండ్స్‌లో మొదటి సోమవారం మధ్యాహ్నం సైరన్లు మోగించి చూస్తారు. అమెరికాలో చిన్న ఊళ్ళల్లో మంటలార్పే వాలంటీర్లను పిలిచే సైరన్‌ను రోజూ పన్నెండుకు మోగించడం పాత అలవాటు. జపాన్‌లో సాయంత్రం అయిదింటికి వీధి మైకుల్లో పాట వస్తుంది, పిల్లలు ఇంటికి పోతారు, నిజానికి అది భూకంపాలప్పుడు హెచ్చరించే లైను పనిచేస్తోందా లేదా అన్న పరీక్ష. జనానికి టైము, ఇంజనీరుకు టెస్ట్.

మన దేశంలో మిగిలిన ఆనవాలు జనవరి 30. గాంధీగారు పోయిన రోజు, పదకొండు గంటలకు రెండు నిమిషాల మౌనం. సైరన్ ఉన్నచోట 10:59 నుంచి 11:00 దాకా ఒకసారి, 11:02 నుంచి 11:03 దాకా మళ్ళీ ఒకసారి మోగించాలని కేంద్ర హోంశాఖ ప్రతి ఏడాదీ రాష్ట్రాలకు చెబుతుంది. మొదటి కూతకు నిలబడాలి, రెండో కూతకు కదలాలి. ట్రంకు రోడ్డు మీద ఆటోవాళ్ళు ఆగుతారా అంటే నేను చూసినప్పుడల్లా ఆగలేదు, ఒక్క ట్రాఫిక్ కానిస్టేబుల్ మాత్రం ఆగాడు. ఇది కాక మా ఊళ్ళో రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళకు మసీదు నుంచి సైరన్ వినిపిస్తుంది, దాని కోసం మా వీధిలో ముస్లింలే కాదు, బజ్జీల బండి ఆయన కూడా చెవి ఒగ్గి ఉంటాడు.

రోజువారీ కూత ఎందుకు పోయిందో చెప్పడానికి పెద్దగా ఏం లేదు. రేడియో, తర్వాత టీవీ, తర్వాత సెల్‌ఫోను. చేతిలో సెకన్లతో సహా కనిపిస్తుంటే మిద్దె మీది మోటారు టైము ఎవరికి కావాలి? టైము కోసమే అయితే అది పోవడం సబబే, నాకు బాధ లేదు.

నా బాధ రెండో పని గురించి. 2025 మే 7న కేంద్రం దేశంలో 244 సివిల్ డిఫెన్స్ జిల్లాల్లో మాక్ డ్రిల్ అని ప్రకటించింది, మన రాష్ట్రంలో విశాఖలో జరిగింది. టీవీలో ఆ సైరన్ విని మా ఇంట్లో పిల్లలు ఇదేంటని అడిగారు. యుద్ధం సంగతి పక్కన పెట్టండి, మనది తుపాన్ల తీరం. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటింది, ఆ రాత్రి గురించి చెప్పమంటే మా నాయన ఇప్పటికీ గొంతు తగ్గిస్తాడు. కృష్ణపట్నంలో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో మనం టీవీలో చూస్తాం, ఫోనులో చూస్తాం. కరెంటు పోయి, టవర్ పడిపోయాక ఎక్కడ చూస్తాం? ఒడిశా వాళ్ళు 2018లో ఆరు తీర జిల్లాల్లో 122 సైరన్ టవర్లు పెట్టుకున్నారు. చేత్తో తిప్పే సైరన్లు కూడా ఉన్నాయి, వాటికి కరెంటుతో పనే లేదు, హ్యాండిల్ పట్టుకుని ఇద్దరు వంతులేసుకుని తిప్పితే చాలు. మండలానికి నాలుగైదు ఉంచితే బడ్జెట్ ఏమీ తలకిందులు కాదు.

ఇదంతా బుర్రలో పెట్టుకుని మొన్న ఊరెళ్ళినప్పుడు ఆఫీసు మిద్దె ఎక్కనిస్తారేమో అని అడిగాను. అక్కడి అటెండరు మంచివాడు, తాళం తీశాడు. సైరన్ ఉంది, పెయింటు కూడా వేసి ఉంది, వైరు లేదు. ఏమైందన్నా అని అడిగితే, కింద మీటింగు హాల్లో ఏసీ పెట్టినప్పుడు త్రీఫేజు లైను చాలక దీనిది తీసి దానికిచ్చారు అన్నాడు. ఏసీ బాగానే పనిచేస్తోంది, అడిగాను, రోజూ వేస్తున్నారట.